పెన్సిల్‌తో రాసిన అంకె

కంపాలాలో కొండమీది కేన్సర్ ఆసుపత్రి.
కప్పు మీద మరబూ కొంగలు
డ్యూటీ అయిపోయినా ఇంటికి పోని పెద్ద డాక్టర్లలా
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాయి.
కింద, మెట్ల అడుగున, నా గది.

ముప్పై ఒక్క ఏళ్లుగా మైనం కోస్తున్నాను.
మైనంలో మనిషి ఉంటాడు, చిటికెన గోరంత.
నాలుగు మైక్రాన్ల పొర,
గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది.
అందుకే కోసేటప్పుడు మాట్లాడను.
ఇంట్లో కూడా కోస్తూనే ఉంటావంటుంది మా ఆవిడ.

గోరువెచ్చని నీళ్ల మీద ఆ పొర
పాల మీద మీగడలా తేలుతుంది.
గాజుపలకతో ఎత్తుకోవాలి, ముడత పడకుండా.
అంకె పెన్సిల్‌తోనే రాయాలి,
సిరాని మందునీళ్లు మింగేస్తాయి.
ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన ప్రతి డాక్టరుకీ
నేను చెప్పే మొదటి పాఠం అదే. రెండోది లేదు.
ఖరీదైన పెన్ను జేబులో తడుముకుని నవ్వుతారు.
ఒక్క స్లైడు పేరు పోగొట్టుకున్నాక నవ్వరు.

పై అంతస్తులో ఐదు జతల కళ్ల మైక్రోస్కోపు.
ఒకే తునకని ఐదుగురూ చూస్తారు.
డాక్టర్ నల్వాంగా ఆకుపచ్చ బాణం కదిపి
"పేరు తర్వాత. ముందు ఏం కనిపిస్తోందో చెప్పండి" అంటుంది.
బిరుంగి, పడమటి కొండల పిల్ల, మొదటి ఏడాది,
"చుక్కల ఆకాశం" అంది.
పుస్తకంలో అలాగే ఉంటుంది:
కిక్కిరిసిన నీలికణాల చీకటి, నడుమ తెల్లటి ఖాళీలు,
చచ్చినవాటిని తినడానికి వచ్చినవాటి చోట్లు.
"సరిగ్గా చెప్పావు. ఈ మాట వార్డులో అనకు" అంది నల్వాంగా.

ఆ సాయంత్రం బిరుంగి నా గదికి దిగి వచ్చింది.
"మీది గులు వైపు కదా పెద్దాయనా,
ఆ పిల్లాడి తల్లికి నా భాష రాదు, నాకు ఆమెది రాదు.
జబ్బు పేరు మా ఇద్దరికీ పరాయిదే."

వార్డులోకి నేనెప్పుడూ వెళ్లలేదు.
తునకలు చూశాను గానీ
అవి తెగిన చోటు చూడలేదు.
రెండువేల నూట పదిహేడు.
ఆరేళ్లవాడు. ఒక బుగ్గలో
చిలగడదుంప దాచుకున్నట్టు దవడ.
పేరు ఒడొకొన్యెరో అట.
అంకె ముందు తెలిసింది నాకు, పేరు తర్వాత.
సిగ్గేసింది, ఎందుకో చెప్పలేను.

తల్లి లమును, ఒళ్లో ప్లాస్టిక్ సంచి,
వేళ్ల మధ్య మడిచి మడిచి బస్సు టికెట్టు.
బిరుంగి చెప్తుంటే అకోలిలోకి తిప్పుతున్నాను.
"పెరుగుతోంది" అన్న మాట దగ్గర నా నాలుక ఆగింది.
ఆ మాట మా అమ్మ జొన్నచేనుకి వాడేది,
నాకు వాడేది.
"మందు ఎన్నిసార్లు?" అంది లమును.
ఆరుసార్లు.
"బస్సు కూడా ఆరుసార్లా?"
బిరుంగి చేతిలోని కాగితం వైపు చూసింది.
అందులో బస్సు లేదు.

పిల్లాడు తన ముక్క చూడాలని పట్టుపట్టాడు.
నల్వాంగా ఒప్పుకుంటుందనుకోలేదు.
నా తొడల మీద నిలబెట్టి పట్టుకున్నాను.
చాలాసేపు చూశాడు, ఒక కన్ను మూసి.
"ఉసిళ్లు" అన్నాడు.

తొలివాన రాత్రి, దీపం కింద,
రెక్కలు రాల్చుకుంటూ, దోసిలి పట్టినంత.
నాకు వేయించిన ఉసిళ్ల వాసన వచ్చింది
ఫార్మలిన్ గదిలో.
ఎవరూ మాట్లాడలేదు.
బిరుంగి నోటుపుస్తకంలో ఏదో కొట్టేసి
ఏదో రాసుకుంది. పెన్సిల్‌తో.

ఇది మార్చి నాటి సంగతి.
మొదటి మందుకే వాపు వెన్నలా కరిగిందని విన్నాను.
మూడోసారికి వచ్చారట.
నాలుగోసారి సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
నా ట్రేలోకి ఆ అంకె మళ్లీ రాలేదు.
మా పనిలో అది శుభవార్త.
కాకపోతే బస్సు ఛార్జీ.

నిన్న వాన పడింది.
నా గది దీపం చుట్టూ ఉసిళ్లు మూగాయి.
గోరువెచ్చని నీళ్ల మీద రెక్కలు రాలి తేలుతుంటే
గాజుపలకతో ఒక్కొక్కటీ ఎత్తాను,
అలవాటుగా,
ముడత పడకుండా.